తాతయ్యకు కరెంటు పెడతారట!

పిల్లలూ, పెద్దవాళ్ళు వసారాలో కూర్చుని గొంతు తగ్గించి మాట్లాడుకుంటూ ఉండగా మీలో కొందరి చెవిన ఈ మాట పడే ఉంటుంది: "ఆయనకు కాన్సరట. పట్నంలో కరెంటు పెడుతున్నారట."

ఈ మాట విన్న పిల్లవాడికి ఏమనిపిస్తుంది? తడిచేత్తో స్విచ్చి ముట్టుకుంటే ఎలా జిల్లుమంటుందో వాడికి తెలుసు. అటువంటిది తాతయ్యను బల్లమీద పడుకోబెట్టి రోజూ కరెంటు పెడతారంటే వాడికి రాత్రి నిద్ర పట్టదు. పెద్దవాళ్ళను అడగబోతే, "ఇవన్నీ నీకెందుకు, పోయి చదువుకో!" అంటారు. వాడు అవతలికి పోతాడు గాని, భయం వాడి వెంటే పోతుంది.

కనక ముందుగా ఆ సంగతి తేల్చుకుందాం. ఆ చికిత్సలో తాతయ్య ఒంట్లోకి కరెంటు పోదు. షాకు కొట్టదు. పెద్ద గదిలో పెద్ద యంత్రం కరెంటుతో నడవటం చూసి జనం పెట్టుకున్న పేరు అది. యంత్రంలో నుంచి వచ్చేవి కిరణాలు. చెయ్యి విరిగినప్పుడు ఎక్స్‌రే తీస్తారే, ఇవీ ఆ జాతివే. కాకపోతే వాటికన్నా ఎన్నో రెట్లు బలమైనవి.

ఈ కిరణాలను 1895 నవంబరు 8వ తేదీన జర్మనీలో రాంట్జెన్ అనే ప్రొఫెసరు కనిపెట్టాడు. అవి ఏమిటో అంతుపట్టక, లెక్కలలో తెలియనిదాన్ని "ఎక్స్" అన్నట్టు, వీటికి ఎక్స్ కిరణాలని పేరు పెట్టాడు. మూడేళ్ళకు, అంటే 1898లో, పారిస్ నగరంలో మేరీ క్యూరీ, ఆమె భర్త పియేర్ క్యూరీ రేడియం కనిపెట్టారు. రేడియం తనంతట తానే కిరణాలు వెదజల్లుతుంది. బెకెరెల్ అనే శాస్త్రజ్ఞుడు 1901లో రవంత రేడియం ఉన్న గొట్టాన్ని కోటు జేబులో వేసుకుని తిరిగాడు. కొద్దిరోజులకు సరిగ్గా ఆ జేబు కింద చర్మం కాలినట్టు ఎర్రబడింది. ఈ సంగతి నిజమేనా అని పియేర్ క్యూరీ కావాలనే తన చేతికి రేడియం కట్టుకుని చూశాడు. అక్కడా పుండు పడింది. ఆరోగ్యంగా ఉన్న చర్మాన్నే ఇంత పని చేసే కిరణాలు చెడ్డ గడ్డలను ఊరికే వదులుతాయా అని వైద్యులు ఆలోచించారు. రేడియం కిరణాల చికిత్స అక్కడినుంచి సాగింది.

మన ఒళ్ళు కోటానుకోట్ల కణాలతో తయారయినదని మీరు పాఠాలలో చదివే ఉంటారు. ఒక్కొక్క కణంలో డి.ఎన్.ఎ. అనే సన్నని పోగు ఉంటుంది. ఎప్పుడు రెండుగా చీలాలో, ఎప్పుడు చీలటం మానాలో కణానికి చెప్పేది అదే. కాన్సరు కణం ఈ మాట వినటం మానేస్తుంది. చీలుతూనే ఉంటుంది, గడ్డ పెరుగుతూనే ఉంటుంది. కిరణాలు వెళ్ళి ఆ పోగును తెంపుతాయి. పోగు తెగిన కణం ఇక పిల్లకణాలను పెట్టలేదు. వెంటనే చావదు గాని, కొన్నాళ్ళకూ కొన్ని వారాలకూ చచ్చిపోతుంది.

"మరి పక్కనే ఉన్న మంచి కణాలకు దెబ్బ తగలదా?" అని అడుగుతారు మీరు. మంచి ప్రశ్నే. తగులుతుంది. కాని మంచి కణం పొదుపరి ఇల్లాలు లాంటిది. పగలు చిరిగిన బట్టను రాత్రికి రాత్రే కుట్టి పెట్టుకుంటుంది. కాన్సరు కణానికి ఆ కుట్టుపని సరిగా చేతకాదు. ఒకే రోజున కిరణాలన్నీ గుమ్మరిస్తే మంచివీ చెడ్డవీ కలిసి పోతాయి. రోజుకు కాస్త చొప్పున ఇస్తే మంచి కణాలు కుట్టుకుంటూ నిలబడతాయి, చెడ్డవి నానాటికీ చిరిగిపోతాయి. ఈ కిటుకు 1920ల్లో పారిస్‌లోని రేడియం సంస్థలో తెలిసింది. అక్కడ రెగో అనే శాస్త్రజ్ఞుడు ముందు పొట్టేళ్ళమీద పరీక్షించి చూశాడు. తరవాత కూటార్ అనే వైద్యుడు గొంతు కాన్సరు ఉన్నవాళ్ళకు అదే పద్ధతిలో వారాల తరబడి కొద్దికొద్దిగా కిరణాలిచ్చి, కొందరికి జబ్బు నయం చెయ్యగలిగాడు.

తాతయ్యను రోజూ ఆస్పత్రికి రమ్మనటం అందుకే. బియ్యానికి కిలో, బట్టకు మీటరు ఉన్నట్టుగా కిరణాలకు "గ్రే" అనే కొలత ఉన్నది. గ్రే అనే బ్రిటిషు శాస్త్రజ్ఞుడి పేరే దానికి పెట్టారు. నోటిలోనో గొంతులోనో కాన్సరు వచ్చినవారికి సాధారణంగా రోజుకు 2 గ్రేల చొప్పున 35 రోజులు, మొత్తం 70 గ్రేలదాకా ఇస్తారు. శని ఆదివారాలు సెలవు. అంటే ఏడు వారాలు. ఒక్కొక్క రోజు చికిత్సను ఆస్పత్రిలో "సిట్టింగు" అంటారు. ఒంట్లో వేరే చోట వచ్చిన కాన్సరులకు వేరే లెక్కలు. రొమ్ము కాన్సరుకు ఇప్పుడు చాలాచోట్ల పదిహేను సిట్టింగులతోనే సరిపెడుతున్నారు. కాని ఈ వ్యాసంలో మనం గొంతు చికిత్స గురించే చెప్పుకుందాం. మన దేశంలో నోటి కాన్సరు, గొంతు కాన్సరు చాలా ఎక్కువ. పొగాకు, గుట్కా, చుట్ట దీనికి పెద్ద కారణాలు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు ఆడవాళ్ళు కొందరు మండే కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు ఒకటి ఉన్నది. దాన్ని అడ్డపొగ అంటారు. దానివల్ల అంగిటిలో కాన్సరు రావటం వైద్యులు ఎంతోకాలంగా చూస్తున్నారు. అయితే, "చుట్ట తాగాడు గనక అనుభవిస్తున్నాడు" అని తాతయ్య వినేట్టుగా అనేవాళ్ళు ఉంటారు చూశారూ, వాళ్ళవల్ల జబ్బు తగ్గటం మాత్రం ఎక్కడా చూడలేదు. చికిత్స జరుగుతూ ఉండగా చుట్ట మానటం ఎంతైనా అవసరమే. ఆ మాట డాక్టరు చెబుతారు.

ఇక ఆస్పత్రిలో ఏం జరుగుతుందో చూద్దాం. మొదటిరోజునే కిరణాలు పెట్టరు. ముందు తాతయ్యకు ఒక ముసుగు తయారుచేస్తారు. చిల్లులు చిల్లులుగా ఉండే ఒక ప్లాస్టిక్ పలకను వేడినీళ్ళలో వేస్తే అది అప్పడాల పిండిలాగా మెత్తబడుతుంది. దాన్ని తీసి ముఖంమీద పరిచి, ముక్కు, గడ్డం, మెడ చుట్టూ అదుముతారు. గోరువెచ్చగా ఉంటుంది. కొద్ది నిమిషాలలో చల్లారి గట్టిపడుతుంది. ఇప్పుడది అచ్చం తాతయ్య ముఖమే! ఆ ముసుగును బల్లకు బిగిస్తే తల అటూ ఇటూ కదలదు. ఎందుకింత హడావిడి అంటే, కిరణాలు పడవలసిన చోటు లెక్కకట్టి నిర్ణయించినది. తల కొద్దిగా పక్కకు జరిగినా కిరణాలు గడ్డను వదిలి మంచి చోట పడతాయి.

ముసుగు వేసుకున్నంతసేపూ ఊపిరి బాగానే ఆడుతుంది. అయినా మొదటి రెండు మూడు రోజులు చాలామందికి గుండె దడదడలాడుతుంది. ముఖం బిగించి, గదిలో ఒక్కణ్ణే వదిలి, తలుపు మూసి వెళ్ళిపోతే ఎవరికి మాత్రం దడ పుట్టదు? కాని తాతయ్య నిజంగా ఒంటరిగా లేరు. బయట కూర్చున్నవాళ్ళకు కెమెరాలో ఆయన కనిపిస్తూనే ఉంటారు. లోపల మైకు ఉంటుంది. ఆయన చెయ్యి ఎత్తితే చాలు, యంత్రం ఆపి లోపలికి వస్తారు. కిరణాలు పడేటప్పుడు నొప్పి ఉండదు, వేడి తగలదు, కంటికి ఏమీ కనపడదు. యంత్రం మాత్రం చుట్టూ తిరుగుతూ గుయ్‌మని చప్పుడు చేస్తుంది. సర్దుకోవటంతో కలిపి పది పదిహేను నిమిషాలు. అడిగితే చాలాచోట్ల పాటలు కూడా పెడతారు. ఘంటసాల పాటలు మూడు అయ్యేసరికి ఆనాటి సిట్టింగు అయిపోతుంది. గడియారం చూసుకునేకన్నా పాటలు లెక్కపెట్టుకోవటం తేలిక.

కాన్సరు పిల్లలకు కూడా వస్తుంది. తలలో గడ్డ వచ్చిన పిల్లలకు కూడా ఇటువంటి ముసుగే వేస్తారు. కొన్ని ఆస్పత్రులలో ఆ ముసుగుమీద రంగులు వేసి, పులి ముఖమో స్పైడర్‌మ్యానో చేసి ఇస్తారు. మీరు "స్టాచ్యూ" ఆట ఆడతారు గదా! ఎవరైనా "స్టాచ్యూ!" అనగానే కదలకుండా బొమ్మలా నిలబడిపోవాలి. ఆ పిల్లలు రోజూ బల్లమీద ఆడేది ఆ ఆటే. ఆరేళ్ళ పిల్ల పావుగంట కదలకుండా పడుకున్నదంటే, మీ వీధిలో స్టాచ్యూ ఆటలో గెలిచేవాళ్ళంతా ఆ పిల్ల ముందు దిగదుడుపే. మరీ పసివాళ్ళు కదలకుండా ఉండలేరు కనక వాళ్ళకు మత్తు ఇచ్చి చికిత్స చేస్తారు.

ఆ యంత్రం గురించి కూడా కొంచెం చెప్పుకోవాలి. 1951లో కెనడా దేశంలో కోబాల్టు యంత్రాలతో మొట్టమొదటిసారి రోగులకు చికిత్స చేశారు. తరవాత అవి ప్రపంచమంతటా పాకాయి. మన దేశంలో బొంబాయి టాటా ఆస్పత్రి 1941లో తెరిచారు. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి పట్టుదలతో మద్రాసు అడయారులో కాన్సరు ఆస్పత్రి 1954లో వచ్చింది. తరవాత హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరుమీద ప్రభుత్వ కాన్సరు ఆస్పత్రి వచ్చింది. కృష్ణాజిల్లాలో పుట్టిన నోరి దత్తాత్రేయుడు న్యూయార్కులో ఈ కిరణాల వైద్యంలోనే ప్రపంచమంతా మెచ్చేంత పేరు తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఎక్కువగా వాడే యంత్రాన్ని లీనియర్ యాక్సిలరేటరు అంటారు. అది ఎలక్ట్రాన్లను దాదాపు వెలుతురంత వేగంగా పరిగెత్తించి ఒక లోహపు ముక్కకు కొడుతుంది. ఆ తాకిడికి ఎక్స్ కిరణాలు పుడతాయి. స్విచ్చి ఆర్పితే కిరణాలు ఆగిపోతాయి.

ఈ చివరి మాట గుర్తు పెట్టుకోండి. ఎందుకంటే చికిత్స అయి తాతయ్య ఇంటికి రాగానే, "పిల్లలను దగ్గరికి పోనివ్వకండి, ఆయన ఒంట్లోనుంచి కిరణాలు వస్తాయి" అనేవాళ్ళు తప్పకుండా ఒకరిద్దరు తయారవుతారు. ఆయన గ్లాసు వేరు, కంచం వేరు, మంచం వరండాలో! టార్చిలైటు ఆర్పిన తరవాత గోడమీద వెలుగు మిగులుతుందా? ఇదీ అంతే. బయటి యంత్రంతో చికిత్స చేయించుకున్న మనిషి ఒంట్లో కిరణాలు మిగిలి ఉండవు. కాన్సరు అంటుజబ్బు కూడా కాదు. తాతయ్య ఒళ్ళో కూర్చోవచ్చు, పక్కన పడుకోవచ్చు. కొన్ని రకాల జబ్బులకు కిరణాలు చిమ్మే మందును లోపలికే ఇస్తారు. అప్పుడు మాత్రం కొద్దిరోజులు దూరంగా ఉండమని ఆస్పత్రివాళ్ళే చెప్పి పంపుతారు. వాళ్ళు చెప్పకపోతే ఆ భయం అక్కర్లేదు. రోజూ ముసుగులో, ఎవరూ లేని గదిలో కాసేపు గడిపి వచ్చిన మనిషిని ఇంట్లో కూడా ఒంటరిగా కూర్చోబెట్టటం కన్నా అన్యాయం లేదు.

మొదటి రెండు వారాలు తాతయ్య బాగానే ఉంటారు. "ఇంతేనా, దీనికా భయపడ్డాం?" అనిపిస్తుంది. అసలు కష్టం తరవాత వస్తుంది. మూడో వారానికి నోరు ఎండిపోతుంది. నాలుకకు రుచి తెలియదు. పంచదార పెట్టినా మట్టి తిన్నట్టే ఉన్నదంటారు. నోట్లో పుళ్ళు పడతాయి. మెడ చర్మం నల్లబడి ఒరుసుకుపోతుంది. గొంతు బొంగురుపోతుంది. ఏ పనీ చెయ్యకపోయినా ఒళ్ళు అలసిపోతుంది. ఇవన్నీ మంచి కణాలకు తగిలిన దెబ్బలు. నాలుక, నోటిలోపలి పొర తొందర తొందరగా కొత్త కణాలు పుట్టించుకునే చోట్లు కనక వాటికి దెబ్బ ఎక్కువ తెలుస్తుంది.

ఆవకాయ లేనిదే ముద్ద దిగని మనవాళ్ళకు ఇది చిన్న కష్టం కాదు. కారం, పులుపు నోటికి తగిలితే నిప్పు పెట్టినట్టుంటుంది. మెత్తగా ఉడికిన అన్నంలో పెరుగు, కారం లేని పప్పు, రాగిజావ, పాలలో నానేసిన ఇడ్లీ, బాగా ఉడికించి మెదిపిన గుడ్డు – ఇలాంటివి కొద్దికొద్దిగా రోజుకు ఆరేడుసార్లు పెట్టాలి. ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్ళతో పుక్కిలించమంటారు. అసలే తినలేనివారికి ముక్కులోనుంచి పొట్టలోకి సన్నని గొట్టం వేసి, దానిలో పాలూ జావా పోస్తారు. ఆ గొట్టం చూసి మీరు హడలిపోకండి. అది తాతయ్య ఆకలి తీర్చటానికి వేసిన దోవ, అంతే. పుళ్ళు తగ్గాక తీసేస్తారు.

ఇటువంటి రోజులలో చూడటానికి చుట్టాలు వస్తారు. వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట చెబుతారు: "ధైర్యంగా ఉండాలి! నవ్వుతూ ఉండాలి! మనసు గట్టిగా ఉంటే జబ్బు దానంతటదే పోతుంది!" ఆ మాట చెప్పి, కాఫీ తాగి, తమకు తెలిసిన ఒకాయన ఇదే జబ్బుతో ఎలా పోయాడో వివరంగా చెప్పి మరీ వెళతారు. వాళ్ళు వెళ్ళాక మీ కళ్ళలో నీళ్ళు తిరిగితే, "తాతయ్య ముందు ఏడవకూడదు, ఆయన దిగులుపడితే జబ్బు పెరుగుతుంది" అని ఎవరో మిమ్మల్ని కసురుతారు.

పిల్లలూ, ఇది నిజమేనా? కొందరు శాస్త్రజ్ఞులకు కూడా ఈ సందేహమే వచ్చింది. అమెరికాలో జేమ్స్ కోయిన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడూ ఆయన తోటివారూ తల, మెడ భాగాలలో కాన్సరు వచ్చి కిరణాల చికిత్స పొందిన 1,093 మంది సంగతి తీసుకున్నారు. మనసులో ధైర్యంగా ఉన్నారా, దిగులుగా ఉన్నారా అని వాళ్ళను మొదట్లోనే ప్రశ్నలు అడిగి రాసిపెట్టారు. ఎవరు ఎంతకాలం బ్రతికారో లెక్క చూశారు. ఆ లెక్క 2007లో అచ్చయింది. ఉల్లాసంగా ఉన్నవాళ్ళు ఎక్కువకాలం బ్రతికారని గాని, దిగులుపడినవాళ్ళు తొందరగా పోయారని గాని తేలలేదు!

ఇది విని నిరాశ పడకండి. నాకైతే ఇంత ఊరట కలిగించే లెక్క ఇంకొకటి కనపడలేదు. ఎందుకంటే, తాతయ్య ఒక రాత్రి గోడవైపు తిరిగి ఏడ్చినంతమాత్రాన ఆనాటి కిరణాలు వృథాగా పోవు. మీరు ఏడవటం చూసి ఆయనకూ ఏడుపు వచ్చినా గడ్డ పెరగదు. కిరణం ముసుగు వెనక ఉన్న ముఖం నవ్వుతున్నదా ఏడుస్తున్నదా అని చూడదు. తన పని తాను చేసుకుపోతుంది. మీ అల్లరివల్లనో, మీరు ఒకసారి ఎదురుమాట అనటంవల్లనో ఆయనకు జబ్బు రాలేదు. మీ కన్నీళ్ళవల్ల పెరగనూ పెరగదు.

మరి ధైర్యంతో పనే లేదా? ఉన్నది. ధైర్యానికి పని పడేది ఇరవైనాలుగో రోజున.

ఆ రోజుకు నోటినిండా పుళ్ళు. రాత్రి నిద్ర లేదు. ఇంకా పదకొండు సిట్టింగులున్నాయి. "ఇక నావల్ల కాదు, చాలు" అనిపిస్తుంది. కాని మధ్యలో రోజులు పోగొట్టుకోకూడదు. మంచి కణాలు కుట్టుపని చేసుకునే వ్యవధిలోనే, చావకుండా మిగిలిన కాన్సరు కణాలు కూడా మళ్ళీ పెరగటానికి చూస్తూ ఉంటాయి. శని ఆదివారాలు లెక్కలోవే. అంతకన్నా ఎక్కువ రోజులు వాటికి సందు ఇస్తే చికిత్స బలం తగ్గుతుంది. అందుచేత ఇరవైనాలుగో రోజు ఉదయం లేచి, చొక్కా తొడుక్కుని, ఆస్పత్రికి బయలుదేరటమే ధైర్యమంటే. మొహాన నవ్వు ఉన్నా సరే, లేకపోయినా సరే. వద్దనిపించినా నాలుగు గుటకలు జావ తాగటం ధైర్యమే. "నొప్పి భరించలేకుండా ఉన్నాను" అని డాక్టరుకు చెప్పటమూ ధైర్యమే. నొప్పికి మంచి మందులు ఉన్నాయి; మొహమాటపడి చెప్పకుండా ఊరుకుంటే ఇవ్వరు గదా! దిగులు కూడా అంతే. రోజుల తరబడి తిండీ నిద్రా లేకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే అది కూడా డాక్టరుకు చెప్పవలసిన సంగతే. దానికీ వైద్యం ఉన్నది.

ఈ పనిలో మీరు తాతయ్యకు ఎంతో సాయం చెయ్యవచ్చు. ఒక అట్టమీద వారానికి అయిదు చొప్పున ముప్ఫయి అయిదు గళ్ళు గీయండి. రోజూ ఆయన రాగానే ఒక గడిలో ఆయన చేతనే రంగు వేయించండి. ఏడు వారాలంటే కొండంత కనిపిస్తుంది గాని, ఒక గడి అంటే ఒక గడే. "ఎలా ఉంది తాతయ్యా?" అని రోజూ అడిగితే ఆయన ఏం చెబుతారు, పాపం! "ఇవాళ ఏ పాట పెట్టారు?" అని అడగండి. చెప్పటానికి ఏదో ఒకటి ఉంటుంది. గొంతు పూర్తిగా పోయిన రోజులలో పలకా బలపమూ ఆయన దగ్గర పెట్టండి. ఇన్నాళ్ళూ ఆయన మీకు కథలు చెప్పారు గదా, ఇప్పుడు మీరు చదివి వినిపించండి. ఆయనకు వినాలని లేకపోతే, ఊరికే పక్కన కూర్చుని మీ లెక్కలు మీరు చేసుకోండి. మనిషి పక్కన ఉన్నాడన్న సంగతి మాటలు లేకపోయినా తెలుస్తుంది. చాలామంది పల్లెటూళ్ళవాళ్ళు చికిత్సకోసం ఏడు వారాలూ పట్నంలోనే ఉండిపోవలసి వస్తుంది. అలాంటప్పుడు రంగులు వేసే అట్ట మీ దగ్గర పెట్టుకుని, సాయంత్రం ఫోనులో చూపించండి. ఇంటి దగ్గర దూడ ఎంత పెరిగిందో కూడా చూపించండి. ఆయనకు జబ్బు కబుర్లకన్నా దూడ కబుర్లే ఎక్కువ కావాలి.

పెద్దలకు ఒక మాట. పిల్లలకు చెప్పకుండా దాస్తే వాళ్ళు భయపడరని అనుకోకండి. చెప్పనిదాన్ని వాళ్ళు ఊహించుకుంటారు. ఆ ఊహ నిజంకన్నా పెద్దదిగా ఉంటుంది. జబ్బు పేరేమిటో, అది అంటుకోదని, వాళ్ళ తప్పువల్ల రాలేదని, మీరు ఆస్పత్రికి వెళ్ళిన రోజులలో వాళ్ళకు అన్నం పెట్టేదెవరో చెబితే చాలు. "తాతయ్యకు నయమవుతుందా?" అని అడిగితే, తెలియనప్పుడు తెలియదనే చెప్పండి. "డాక్టర్లు గట్టిగా ప్రయత్నం చేస్తున్నారు, ఏ సంగతీ నీకు చెబుతాను" అన్న మాటను పిల్లలు నమ్ముతారు. ఆ మాట మీరు నిలబెట్టుకోవాలి మరి!

ఇక గంట కథ. అమెరికా నౌకాదళంలో ఇర్వ్ లె మొయిన్ అనే అడ్మిరలు ఉండేవాడు. ఆయనకు తల, మెడ భాగంలో కాన్సరు వచ్చింది. 1996లో హూస్టన్ నగరంలోని ఎం.డి. ఆండర్సన్ ఆస్పత్రిలో కిరణాల చికిత్స చేయించుకున్నాడు. నౌకాదళంలో పని పూర్తయిందని తెలపటానికి గంట కొట్టటం ఆచారం. చివరి సిట్టింగు రోజున తాను కూడా గంట కొడతానని డాక్టరుతో చెప్పి, ఆయన ఒక ఇత్తడి గంట తెచ్చాడు. చికిత్స కాగానే దాన్ని ఖణఖణమని మోగించి, గంటను ఆస్పత్రికే ఇచ్చి వెళ్ళాడు. తరవాత చికిత్స ముగించుకున్నవారు ఒక్కొక్కరే వచ్చి ఆ గంట కొట్టటం మొదలుపెట్టారు. ఇప్పుడు ఎన్నో దేశాలలో కాన్సరు ఆస్పత్రులలో ఇటువంటి గంటలు వేలాడుతున్నాయి. మన దేశంలో కూడా ఉన్నాయి.

ఆ అడ్మిరలు మరుసటి ఏడే, 1997లో, చనిపోయాడు. ఇది మీకు చెప్పకుండా ఉండవచ్చు, కాని చెప్పటమే మంచిదనిపించింది. ఆయన గంట కొట్టింది జబ్బు పోయిందని కాదు, తన వంతు పని తాను పూర్తిచేశానని. కొందరికి ఆ గంట కొట్టాలనిపించదు. ఇంకా చికిత్స మిగిలి ఉన్నవాళ్ళు పక్కనే కూర్చుని ఉంటారు గదా అని సంకోచిస్తారు. కొట్టకుండా నిశ్శబ్దంగా ఇంటికి రావటం కూడా బాగానే ఉంటుంది.

ముప్ఫయి అయిదో గడిలో రంగు వేసిన రోజున మీ ఇంట్లో పండగ చేసుకుంటారేమో! చేసుకోండి గాని, మర్నాటికే తాతయ్య లేచి పెసరట్టు తింటారని అనుకోకండి. కిరణాల పని ఆగినా ఒంట్లో దాని ప్రభావం ఆగదు. మరి రెండు వారాలపాటు నోటి పుళ్ళు అలాగే ఉంటాయి, ఒక్కొక్కసారి ఎక్కువ కూడా అవుతాయి. ఇది తెలియక ఇంటిల్లిపాదీ హడలిపోతారు. ఆ తరవాత మెల్లగా మానటం మొదలుపెడతాయి. సుమారు మూడు నెలలకు డాక్టర్లు మళ్ళీ స్కాను తీసి, గడ్డ పోయిందా లేదా అని చూస్తారు. వెంటనే చూస్తే లోపలి వాపుకూ గడ్డకూ తేడా తెలియదు. నోటి తడి తిరిగి రావటానికి నెలలు పడుతుంది, కొందరికి పూర్తిగా రాదు. అందుకే పక్కన ఎప్పుడూ మంచినీళ్ళ సీసా ఉండాలి. అది నింపి పెట్టే పని మీరు తీసుకోవచ్చు.

నాలుకకు రుచులు కూడా అన్నీ ఒక్కసారిగా రావు, ఒకటొకటిగా తిరిగి వస్తాయి. అందరికీ ఒకే వరసలో కూడా రావు. మీ తాతయ్యకు ముందు తీపి తెలిసిందో, ఉప్పు తెలిసిందో అడిగి, ఆ గళ్ళ అట్ట వెనకాల తేదీ వేసి రాసి పెట్టండి.